జ్వరం రాని పిల్లలు

నడవమంటే పరుగెత్తింది గంగోత్రి. వరండా ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, గోడను తాకి, మళ్ళీ వచ్చింది. డాక్టర్ వకుళ కళ్ళు మాత్రం ఆ పిల్ల కుడికాలి మీదే ఉన్నాయి.

ఐదు నెలల కిందట ఇదే వరండాలో ఆ ఆరేళ్ళ పిల్ల అమ్మ చంక దిగనని మొండికేసింది. దింపితే కాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేసి, మోకాలు పట్టుకుని ఏడ్చింది. నిజానికి మోకాలికేమీ కాలేదు. జబ్బు తుంటిలో ఉంటుంది, నొప్పి మోకాలి దగ్గర తెలుస్తుంది. ఈ వ్యాధితో వచ్చిన చిక్కే అది. ఊళ్ళో ముగ్గురు డాక్టర్లు మోకాలికే మందు రాసి పంపారు.

"ఇంకోసారి పరిగెత్తేదా డాక్టరమ్మా?"

"చాలు తల్లీ. నేను నడవమనే కదా చెప్పింది?"

"నడిస్తే బోరు," అని గంగోత్రి ఎర్ర గౌను ఎగురుతుండగా మళ్ళీ పరుగు తీసింది.

తల్లి రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. మదనపల్లె టమోటా మార్కెట్‌లో కాయలు ఏరే మనిషి ఆమె. ఒకరోజు పని మానుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. "దేవుడే నీ రూపంలో వచ్చినాడు డాక్టరమ్మా," అంది. ఇలాంటి మాటలు వినకూడదని వకుళకు తెలుసు. అయినా వినబుద్ధేసింది. పదకొండేళ్ళ కష్టం మరి.

తొడ ఎముక పైకొసన గుండ్రటి గుండు ఒకటి ఉంటుంది. అది తుంటి గిన్నెలో తిరిగితేనే మనిషి నడక. కొందరు పిల్లల్లో ఎందుకనో ఆ గుండుకు రక్తం అందడం మానేస్తుంది. ఎముక చచ్చిపోతుంది. చచ్చినదాన్ని ఎత్తిపోయడానికి ఒంట్లోని రక్షక కణాలు వస్తాయి. రావడం మంచిదే. కానీ అవి కొత్త గోడ లేవకముందే పాత గోడ పడగొట్టే తొందరపాటు మేస్త్రీల్లా ఒక్కసారిగా మీద పడతాయి. కీలు వాస్తుంది, గుండు మెత్తబడుతుంది, పిల్లవాడి బరువుకే అణిగి బల్లపరుపవుతుంది. ఆ తర్వాత కొత్త ఎముక పుట్టినా ఆ వంకర మీదే పుడుతుంది. బతికినన్నాళ్ళూ కుంటడమే.

ఆ కణాలకు నిదానం నేర్పాలన్నది వకుళ ఆలోచన. పిల్లల రక్తం తీసి, అందులోని రక్షక కణాలను ఇరవై ఒక్క రోజులు గాజుపాత్రల్లో పెంచి, ఎముక పొడి కొద్దికొద్దిగా అందించేది. ఎగబడిన కణాలను ఏరి పారేసేది, ఆగి ఆగి తిన్నవాటిని ఉంచుకునేది. అలా మిగిలినవాటిని తుంటిలోకి ఎక్కించేది. అవి అక్కడున్న తక్కిన కణాలకు కూడా తమ నిదానం నేర్పేవి. ప్రయోగశాలలో అందరూ వాటిని నెమ్మది కణాలు అనేవారు. ఇప్పటికి పదకొండు మంది పిల్లలకు ఎక్కించారు. పదకొండు ఎక్స్‌రేల్లోనూ గుండు గుండ్రంగానే ఉంది. గంగోత్రి ఆఖరిది, అందరికంటే కష్టమైన కేసు.

ఆ రోజు మధ్యాహ్నం వకుళ తండ్రి మునిరత్నం గదిలోకి వచ్చాడు. కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని నెలరోజులుగా కూతురి దగ్గరే ఉంటున్నాడు. పొద్దుపోక రోజూ ఆమెతో పాటు వచ్చి, వరండా బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుంటాడు. పుత్తూరు వైపు నలభై ఏళ్ళుగా ఎముకలకు కట్లు కట్టే చెయ్యి అది. ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. అతని వైద్యశాల అంతా ఒక గంపలో ఇమిడిపోతుంది.

"ఏమ్మా వకుళా, ఆ ఎర్ర గౌను పాప ఉండాది చూడు, చెట్టుకింద ఎర్రచీమల పుట్ట మీద కూర్చునింది. కాళ్ళంతా చీమలు. నేనే దులిపినాను. ఆ బిడ్డ చక్కిలిగింతలు పెట్టినట్లు నవ్వతా ఉండాది."

"ఏడవకపోతే మంచిదే కదా నాయనా."

"ఒక్క దద్దురు లేదుమా. నేను తుంటి మీద కూడా చెయ్యి పెట్టి చూసినాను, వాళ్ళమ్మ పెట్టమనింది. ఎముక అతికే చోట వేడి ఉంటాది. ఆ బిడ్డకు వేడి పుట్టడం లేదు."

వకుళకు నవ్వొచ్చింది. "ఆ వేడి లేకుండా చెయ్యడమే నాయనా నా మందు గొప్పతనం. పదకొండేళ్ళు దానికోసమే పడ్డాను."

మునిరత్నం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, నువ్వు చదువుకున్నదానివి," అన్నాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఆ మాట వకుళకు తర్వాత చాలా రోజులు గుచ్చుకుంది.

*

నెలనెలా మొదటి సోమవారం నర్సు ఎస్తేరు పదకొండు ఇళ్ళకూ ఫోన్ చేస్తుంది. మూడే ప్రశ్నలు. కుంటుతున్నారా? నొప్పుందా? జ్వరం వచ్చిందా? ఆ కాగితం తయారుచేసింది వకుళే. సూది వేసిన చోట క్రిములు చేరితే జ్వరం వస్తుంది గనుక మూడో ప్రశ్న పెట్టింది. మూడింటికీ "లేదు మేడమ్" అంటే ఎస్తేరు ఆ పిల్లల పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పెడుతుంది. రెండేళ్ళుగా పుస్తకం నిండా ఆకుపచ్చ చుక్కలే. వచ్చిన అతిథులందరికీ వకుళ ఆ పుస్తకం చూపించేది.

ఆ సోమవారం ఐదో ఫోన్ దగ్గర ఎస్తేరు పెన్ను ఆగిపోయింది. "మేడమ్," అని రిసీవర్ చేత్తో మూసింది. "పీలేరు లోహిత్ చనిపోయాడంట. పన్నెండు రోజులైందంట."

వకుళ ఫోన్ అందుకుంది. అవతల తండ్రి.

"కడుపులో పేగు పగిలిందన్నారు మేడమ్. ఇంత ఆలస్యంగానా తెచ్చేదని డాక్టర్లు తిట్టినారు. మాకెట్ల తెలుస్తాది? కడుపు నొప్పి అనలేదు. జ్వరం లేదు. ముందురోజు గూడా బడికి పోయొచ్చి, బరువుగా ఉందిమా అని పెరుగన్నం తిని పడుకున్నాడు."

లోహిత్‌కు ఎనిమిదేళ్ళు. తుంటి బాగైన పిల్లల్లో మొదటివాడు. ఎక్కడో పీలేరులో పేగు పగిలితే తుంటి మందుకేం సంబంధం? వకుళ మనసు మొదట ఆ మాటే అంది. ఆ మాటను పట్టుకుని ఒక పావుగంట కూర్చుంది కూడా. కానీ ఫోన్‌లో విన్న మాట ఒకటి పోనంది. జ్వరం లేదు.

పుస్తకం తీసి లెక్కపెట్టింది. పదకొండు మంది పిల్లల నెలలన్నీ కలిపితే నూట అరవై. మధ్యలో రెండు వానాకాలాలు. ఊళ్ళకు ఊళ్ళు విషజ్వరాలతో మంచాన పడ్డ నెలలు. నూట అరవై నెలల్లో పదకొండు మంది పిల్లల్లో ఒక్కరికీ ఒక్కరోజు కూడా ఒళ్ళు వెచ్చబడలేదు. బడికెళ్ళే పిల్లలకు ఏడాదికి నాలుగుసార్లు జ్వరం రాకపోతేనే వింత. ఆ వింతకు ఆమె ఆకుపచ్చ చుక్క పెట్టించింది. చుక్కలన్నీ తన చేతి పనే.

మర్నాడు గంగోత్రిని పిలిపించి రక్తం తీసింది. తన రక్తమూ కొంత తీసుకుంది. రెండు పాత్రల్లోనూ చచ్చిన క్రిముల ముక్కలు వేసి, సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. గంటలో ఆమె రక్తంలోని కణాలు నలువైపుల నుంచీ వచ్చి ముక్కల చుట్టూ మూగాయి. ఒంట్లో అలా మూగితేనే వాపు, నొప్పి, జ్వరం. గంగోత్రి రక్తంలో ఒక కణం ముక్క దగ్గరకు వచ్చి, తాకి, పక్కకు జరిగి వెళ్ళిపోయింది. ఇంకొకటి కూడా అంతే. ఆమె సాయంత్రం దాకా చూసింది. తను నేర్పిన పాఠాన్ని అవి అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నాయి. తుంటిలో నేర్చుకున్నది ఒళ్ళంతా తిరిగి చెప్పాయి. చచ్చిన ఎముకను చూసినా, పేగులోని క్రిమిని చూసినా వాటికి ఒకటే నిదానం.

ఇంటికి వచ్చి ఏమీ తినలేదు. మునిరత్నం అడిగితే దాచకుండా అంతా చెప్పింది. నేను ముందే చెప్పలేదా అంటాడని ఆమె ఎదురుచూసింది. అనలేదు.

"నువ్వు పుట్టకముందు," అన్నాడు చివరికి, "ఒక బిడ్డకు ముంజేతికి కట్టు కట్టినాను. బిగువెక్కువైపోయింది. ఆ బిడ్డ ఏడవలేదు. ఎంత ధైర్యస్థుడురా నువ్వని మెచ్చుకుని పంపించినాను. నాలుగోనాడు తీసుకొచ్చినారు. వేళ్ళు నల్లబడిపోయినాయి. ఆ చెయ్యి తీసేసినారు." అతను తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "ఏడవని బిడ్డని చూసి సంతోషపడినాను. అదే నా తప్పు. అప్పటినుంచి కట్టు కట్టినాక బిడ్డ ఏడ్చిందాకా ఇంటికి పంపించను. కసురుకునైనా, గిల్లైనా ఏడిపిస్తాను. ఊళ్ళో అందరూ నన్ను మొరటోడంటారు."

"ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళావా నాయనా, తర్వాత?"

"పోలేదు," అన్నాడు మునిరత్నం. "ముప్పై తొమ్మిదేండ్లాయె. పోలేదు."

*

పీలేరులో లోహిత్ వాళ్ళది ఒక గది ఇల్లు. తల్లి కస్తూరి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది గానీ కుట్టడం లేదు. వకుళ నేల మీదే కూర్చుంది. ఇక్కడికి వచ్చేదారిలో తయారుచేసుకున్న మాటలన్నీ గడప దగ్గరే పోయాయి.

"కస్తూరీ, బాబుకు నొప్పి తెలియకపోవడానికి, జ్వరం రాకపోవడానికి కారణం నా మందు. అది వాడి ఒంట్లో కాపలాను నిద్రపుచ్చింది. నాకు ముందే తెలిసి ఉండాల్సింది. తెలుసుకోలేదు."

కస్తూరి అర్థంకానట్టు చూసింది. "ఇంకోసారి చెప్పండి."

వకుళ మళ్ళీ చెప్పింది.

"అంటే మేం చూసుకోక కాదా?"

"కాదు. ఎవరు చూసినా కనబడేది కాదు."

"మా అత్త నాతో మాట్లాడటం మానేసింది. తల్లివి గదా, నీకెట్ల తెలీలేదు అంటాది. మా ఆయన అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం లేదు." కస్తూరి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వకుళకు కొంచెం తేలికయ్యేది. "వాడికి నొప్పి తెలీలేదా? నిజంగానే?"

"నిజంగానే తెలియలేదు."

కస్తూరి కొంగుతో ముఖం కప్పుకుంది. కాసేపటికి తీసింది. "ఈ మాటలు మా అత్తకు మీరే చెప్పండి. నేను చెప్తే నమ్మదు."

వకుళ పక్కింటి అరుగు మీదున్న ఆ అత్తకు చెప్పింది. పొలం నుంచి వచ్చిన తండ్రికి చెప్పింది. మేనమామలు వస్తే వాళ్ళకూ చెప్పింది. ఒకాయన చెయ్యెత్తాడు, ఇంకొకాయన ఆపాడు. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పింది. వెళ్ళేటప్పుడు కస్తూరి గుమ్మం దాకా వచ్చింది.

"చెప్పినందుకు సంతోషం. ఇంకెప్పుడూ మా ఇంటికి రావద్దండి," అంది.

*

ఒక దారి ఉంది. నెమ్మది కణాలను తయారుచేసిన రోజే వకుళ వాటిలో ఒక బలహీనత పెట్టి ఉంచింది. ఒక సిరప్ పద్నాలుగు రోజులు తాగిస్తే అవి చచ్చిపోతాయి. నేర్పేవాళ్ళు పోతే నేర్చుకున్నవి కూడా మెల్లగా పాఠం మరిచిపోతాయి. తొమ్మిది మంది పిల్లలకు ఆ సిరప్ ఇవ్వడానికి ఆలోచించాల్సిన పని లేదు. వాళ్ళ తుంటిలో కొత్త ఎముక గట్టిపడింది. ఆ తొమ్మిది ఇళ్ళకూ అదే వారంలో సిరప్ చేరింది.

గంగోత్రికి మాత్రం గట్టిపడలేదు. ఇంకో ఏడు నెలలు కావాలి. ఇప్పుడు సిరప్ పోస్తే పాత కణాలు ఆకలితో లేచి, సగం పుట్టిన ఎముక మీద పడతాయి. గుండు అణిగిపోతుంది. పోయకపోతే ఏడు నెలల పాటు ఆ పిల్లకు ఏ పేగు వాచినా, ఏ ముల్లు దిగి చీము పట్టినా ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో పెట్టుకుని రోజూ రక్తం పరీక్ష చేస్తే? వకుళ దాన్నీ ఆలోచించింది. క్రిములు ఉన్నదీ లేనిదీ పెంచి చూడాలంటే రెండు రోజులు పడుతుంది. లోహిత్‌కు రెండు రోజులు దొరకలేదు.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. దాన్ని వకుళ ఎవరికీ చెప్పలేదు. గంగోత్రి తుంటి నిలబడితే పదకొండుకు పదకొండు నిలబడ్డట్టు. ఏడు నెలలు ఏమీ కాకపోవచ్చు. చాలామంది పిల్లలకు ఏమీ కాదు. ఆ ఆలోచనతో ఆమె ఒక పూట గడిపింది. తర్వాత తన మీద తనకే అసహ్యం వేసి బస్సెక్కింది.

మార్కెట్‌లో రెడ్డెమ్మ టమోటా రాశి ముందు గొంతుక్కూర్చుని ఉంది. పగిలిన కాయ ఒక పక్కకు, దోరకాయ ఒక పక్కకు. చేతులు ఆగకుండానే విన్నది. తుంటి అణిగిపోతుందన్న మాట దగ్గర ఆగాయి.

"బాగా నడస్తా ఉండాది గదా డాక్టరమ్మా! బడిలో పరుగు పందెంలో ఎక్కిచ్చినారు. ఇప్పుడు నా చేత్తో మందు పోసి దాన్ని కుంటిదాన్ని చెయ్యమంటావా?"

"ఆపరేషన్లున్నాయి, పట్టీలున్నాయి. ఎంత కాపాడగలిగితే అంత కాపాడతాం. కానీ కుంటు ఉంటుంది రెడ్డెమ్మా. నీకు అబద్ధం చెప్పను."

"నీ బిడ్డయితే ఏం చేస్తావు?"

"నాకు బిడ్డల్లేరు. ఉంటే ఈరోజే పోస్తాను."

"ఈ మాటలు సూది వేసే ముందు చెప్పల్సింది," అని రెడ్డెమ్మ లేచి, చేతిలో ఉన్న కాయను రాశిలోకి విసిరి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వకుళనే చూశారు. ఆమె సిరప్ సీసా పట్టుకుని ఎండలో అలాగే నిలబడింది.

మూడు రోజులు రెడ్డెమ్మ ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు పొద్దున్నే గుడ్డల సంచితో, పిల్లతో వరండాలో ప్రత్యక్షమైంది. కళ్ళు లోతుకు పోయాయి.

"మూడు దినాలుగా దాని మొహమే చూస్తా కూర్చున్నా. దగ్గితే భయం, దగ్గకపోతే భయం. అన్నం తినకపోతే పేగేమో అనుకుంటా. ఆడుకోవడానికి పోతే ముల్లేమో అనుకుంటా. నొప్పి ఉండాదా పాపా అంటే, లేదుమా అంటాది. ఆ లేదు అన్న మాటకే నా గుండె జారిపోతా ఉండాది. ఏడు నెలలు ఇట్ల నేను బతకలేను. పోయండి."

సిరప్ మామిడిపండు రుచి. గంగోత్రి గరిటె నాకి ఇంకొంచెం అడిగింది. పద్నాలుగు రోజులూ కాలికి పట్టీ కట్టి మంచం మీదే ఉంచారు. పరుగు పందెం ఎప్పుడని రోజూ అడిగేది. ఈ ఏడాది కాదని ఎస్తేరు చెప్పేది. వకుళ ఆ మాట చెప్పలేక గదిలోంచి బయటికి వచ్చేసేది. పందెం రోజు కూడా వచ్చి పోయింది.

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం. ఫ్యాను తిరుగుతోంది. గంగోత్రి నిద్రలో మూలిగి, కళ్ళు తెరిచి, ఒక్కసారిగా గట్టిగా అరిచింది. "అమ్మా, కాలు! అమ్మా, కాలు!" తుంటి మీద చర్మం ఎర్రగా పొంగింది. పెదవులు ఎండి, ముఖం కందిపోయింది. వకుళ పరుగున వచ్చేసరికి రెడ్డెమ్మ పిల్ల నుదుటి మీద, మెడ మీద, పొట్ట మీద అరచేయి పెట్టి చూస్తోంది. చూసిందే మళ్ళీ చూస్తోంది.

"కాల్తా ఉండాది డాక్టరమ్మా! చూడు, ఒళ్ళు కాల్తా ఉండాది!"

వకుళ చెయ్యి పెట్టింది. నిజమే. తుంటి మీద పెట్టింది. అక్కడ ఇంకా వేడి. ఆ వేడిలో గుండు కరగడం మొదలైందని ఆమెకు తెలుసు. పదకొండేళ్ళలో తను గెలిచినదల్లా ఆ చేతి కిందే పోతోందనీ తెలుసు. అయినా గుండెల మీద నుంచి ఒక బండ దిగినట్టయింది. నొప్పికి సూది తెమ్మని ఎస్తేరుకు కేకేసింది. రెడ్డెమ్మ మంచం పట్టె మీద తల ఆనించి నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు కారుతున్నా నవ్వు ఆగడం లేదు. వకుళ కూడా నవ్వుతోందని ఆమెకే తెలియలేదు.

గంగోత్రి ఏడుపు ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఐదు నెలల తర్వాత ఆ పిల్లకు నొప్పంటే ఏమిటో మళ్ళీ తెలిసింది. నమ్ముకున్న ఇద్దరు మనుషులూ దాన్ని చూసి నవ్వుతున్నారు.

"నాకు నొప్పేస్తా ఉంటే నువ్వెందుకుమా నవ్వతా ఉండావు?"

రెడ్డెమ్మ నవ్వు ఆగిపోయింది. వకుళ వైపు చూసింది, నువ్వే చెప్పు అన్నట్టు. గంగోత్రి అమ్మ చెయ్యి విదిలించుకుని, మొహం గోడవైపు తిప్పుకుంది. సూది వేసేటప్పుడు కూడా ఇటు తిరగలేదు. ఆ కోపం న్యాయమైనదేనని వకుళకు తెలుసు. స్టూలు దగ్గరకు లాక్కుని, ఆ పిల్ల ఎప్పుడు ఇటు తిరుగుతుందా అని కూర్చుంది.